పికప్ పాయింట్లకి మళ్లుతున్న పార్సిళ్లు: యూనియన్ పని బయటికి పోతున్నట్టేనా? గ్రీవెన్స్ ఎలా రాయాలి?

రూట్‌షీట్ అడిగిన ప్రశ్న

అమెరికాలో యూనియన్ కాంట్రాక్టు కింద పార్సిల్ బండి నడిపేవాళ్లనీ, స్టీవార్డులనీ (పనిచోట ఉండే యూనియన్ ప్రతినిధులు) అడుగుతున్నాను. ఇంటి గుమ్మం దాకా వెళ్లాల్సిన పార్సిళ్లు రానురాను పికప్ పాయింట్లకి, అంటే మందుల షాపులకీ, గ్యాస్ స్టేషన్ కొట్లకీ మళ్లుతున్నాయి. రూట్‌లో ఇళ్ల స్టాపులు తగ్గుతాయి, వాటి బదులు ఒకే కొట్టులో ముప్పై నలభై పీసులు దింపాలి. కస్టమర్ చేతికి అందించేది ఆ కొట్టు క్లర్కు. అతను యూనియన్‌లో లేడు, అసలు కంపెనీ ఉద్యోగే కాదు.

మూడు సంగతులు తేలాలి. ఇది యూనిట్ (యూనియన్ కాంట్రాక్టు కిందికి వచ్చే ఉద్యోగులు) పనిని బయటివాళ్లకి ఇవ్వడం కిందికి వస్తుందా? వస్తే గ్రీవెన్స్ (కాంట్రాక్టు ఉల్లంఘన మీద కంపెనీకి ఇచ్చే ఫిర్యాదు) ఫారంలో ఏం రాయాలి, ఏ ఆధారం పెట్టాలి? కొట్టు దగ్గర నిజంగా పట్టే టైమ్‌కీ, కంపెనీ రూట్ ప్లాన్‌లో ఇచ్చే టైమ్‌కీ పొంతన లేదు, దాన్ని ఎలా చూపించాలి? యూనియన్ హాల్‌కి ఫోన్ చెయ్యమని వదిలెయ్యకుండా, కాగితం మీద పెట్టదగిన వివరం చెప్పండి.

స్టీవార్డ్_తూర్పుగేటు

"పికప్ పాయింట్ పెట్టారు" అని గ్రీవెన్స్ రాస్తే మొదటి మీటింగ్‌లోనే కొట్టేస్తారు. పాయింట్ ఉండటం ఉల్లంఘన కాదు. మన యూనిట్ వాళ్లు చేస్తూ వచ్చిన పని ఏదో ఒక మెట్టులో వేరేవాళ్ల చేతికి మారితే, ఉల్లంఘన ఆ మెట్టులో ఉంటుంది. అందుకని ముందు పార్సిల్ ఏయే చేతులు మారుతుందో వరుసగా రాసుకోండి. బండిలోకి ఎవరు ఎక్కించారు, కొట్టుకి ఎవరు తెచ్చారు, అక్కడ ఎవరు స్కాన్ చేసి తీసుకున్నారు, కస్టమర్ ఐడీ ఎవరు చూశారు, ఎవరూ రాకపోతే వెనక్కి ఎవరు తెచ్చారు. ఒక్కో మెట్టు పక్కన, ఏడాది కిందట అదే పని ఎవరు చేసేవారో రాయండి. రెండు గళ్లలో పేర్లు వేరుగా ఉన్న చోటే మీ కేసు ఉంది.

తర్వాత చూడాల్సింది, మళ్లించిందెవరు అని. కస్టమర్ కొనేటప్పుడే ఆ కొట్టు ఎంచుకుంటే డ్రైవర్ల తరఫున వాదన బలహీనం, ఎందుకంటే ఆ పార్సిల్ ఇంటికి రావాల్సిందే అని ఎవరూ మాట ఇవ్వలేదు. అమ్మినవాడే పాయింట్ అడ్రసు పెట్టి పంపినా అంతే. ఇంటికి వెళ్లి, ఎవరూ లేక, అదే రోజు పాయింట్‌లో దింపితే మధ్యస్థం: మొదటి ప్రయత్నం మనం చేశాం, పోయింది రెండో మూడో ప్రయత్నం. డిస్పాచ్ (డ్రైవర్లకి రూట్లు వేసే విభాగం) వాళ్లే పొద్దున్నే "ఈ వీధివన్నీ పాయింట్‌కి వేసెయ్" అని ఒక్క గుమ్మం కూడా తట్టకుండా మళ్లిస్తే, అది గట్టి కేసు. ఈ నాలుగింటినీ కలిపేసి ఒకే అంకె చూపిస్తే కంపెనీ మొదటి రకం ఉదాహరణ ఒక్కటి తీసి మొత్తం కొట్టేస్తుంది. విడదీసి లెక్కపెట్టండి.

అన్నిటికంటే బలమైన కేసులు రెండు చాలామంది కళ్లముందే జారిపోతాయి. ఒకటి, పాయింట్ నిండిపోయినప్పుడు మిగిలిన పీసుల్ని సూపర్‌వైజర్ తన కారులో ఇంకో పాయింట్‌కి చేర్చడం. అది సూటిగా సూపర్‌వైజర్ యూనిట్ పని చేయడమే. దానికి వేరే క్లాజు ఉంటుంది, వేరే గ్రీవెన్స్ రాయాలి. రెండోది, బిల్డింగ్ నుంచి పాయింట్ దాకా వేరే కంపెనీ వ్యాన్ తేవడం. అక్కడ క్లర్కు గొడవే లేదు, డ్రైవింగే బయటికి పోయింది.

పార్సిల్ కంపెనీ యూపీఎస్‌కీ, టీమ్‌స్టర్స్ యూనియన్‌కీ మధ్య ఉన్న జాతీయ ఒప్పందం కిందివాళ్లు ఆర్టికల్ 32 తెరవండి. ఇప్పుడు యూనిట్ చేస్తున్న పనినిగానీ, ఇకముందు యూనిట్‌కి అప్పగించే పనినిగానీ, ఒప్పందంలోనే మినహాయింపు ఉంటే తప్ప బయటికి ఇవ్వకూడదన్నది దాని సారం. ఇప్పటి ఒప్పందం 2028 జూలై 31 దాకా ఉంటుంది. వేరే కంపెనీ అయితే సబ్‌కాంట్రాక్టింగ్ క్లాజు వేరే నంబరుతో ఉంటుంది, ప్రాంతీయ సప్లిమెంట్‌లో (ప్రధాన ఒప్పందానికి జతగా ఉండే ప్రాంతీయ ఒప్పందం) ఇంకో మాట కూడా ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. గ్రీవెన్స్ వేసే గడువు సప్లిమెంట్‌ని బట్టి మారుతుంది. పనిదినాల్లో లెక్కపెట్టే చిన్న గడువు ఉంటే, వివరాలన్నీ పోగయ్యేదాకా ఆగకండి. ముందు ఫారం వేసి, ఆధారాలు తర్వాత జత చేయండి.

ఫారంలో కథ రాయొద్దు. ఇంత చాలు: "ఫలానా తేదీ నుంచి ఫలానా రూట్లలో, ఇంటి అడ్రసుకి బుక్ అయిన పార్సిళ్లని కంపెనీ డెలివరీ ప్రయత్నం లేకుండా పికప్ పాయింట్‌కి మళ్లించి, యూనిట్ ఉద్యోగుల పనిని యూనిట్‌లో లేనివారికి బదిలీ చేసింది. ఇది ఆర్టికల్ ఫలానాకీ, వర్తించే ఇతర ఆర్టికల్స్ అన్నిటికీ విరుద్ధం. పరిహారం: ఈ పద్ధతి ఆపాలి, నష్టపోయినవాళ్లందరికీ పూర్తి చెల్లింపు జరగాలి." ఆ "వర్తించే ఇతర" అన్న మాట వదలొద్దు. ఒక్క నంబరే రాసి అది తప్పయితే అక్కడితో ఆగిపోతుంది. ఒక్క డ్రైవర్ పేరుమీద కాకుండా గ్రూప్ గ్రీవెన్స్‌గా వేయడం మేలు. ఎవరికి ఎంత నష్టమో తేల్చడం తర్వాతి మెట్టు.

బల్క్‌స్టాప్

టైమ్ సంగతి నేను చెబుతాను. పైన చెప్పిన వాదన గెలిచినా ఓడినా, రోజూ నడుం మీద పడేది ఇదే.

ప్లాన్‌లో పాయింట్ అంటే ఒక స్టాపు, దానిమీద పీసుకి కొంత టైమ్ అలవెన్సు. లెక్క తప్పేది ఎక్కడంటే, గోడౌన్ డాక్ మీద నలభై పీసులు దింపడం, జనం క్యూలో నిలబడ్డ కొట్టులో నలభై పీసులు దింపడం ఒక్కటే అనుకోవడం దగ్గర. కొట్టులో క్లర్కు బిల్లు కొట్టడం అయ్యేదాకా ఆగాలి. అతను ప్రతి పీసూ తన ఫోన్‌లోనో స్కానర్‌లోనో మళ్లీ స్కాన్ చేస్తాడు. వెనక గదికి దారి ఇరుకైతే హ్యాండ్ ట్రక్ పట్టదు, చేతుల్తో మోయాలి. ముందు రోజు పీసులు తియ్యకపోతే అల్మారాలో చోటుండదు.

అందుకని ఒక్క మొత్తం టైమ్ రాసుకుంటే లాభం లేదు, ముక్కలు చేసి రాయండి. బండి ఆగిన టైమ్, క్లర్కు మనవైపు తిరిగిన టైమ్, మొదటి స్కాన్, ఆఖరి స్కాన్, బండి కదిలిన టైమ్. పక్కన దింపిన పీసులు, వెనక్కి తీసుకున్న పీసులు, తిరస్కరించినవి, కారణం. మొదటి రెండింటి మధ్య తేడా అంటే వేచి ఉన్న టైమ్. అది మన వేగానికి సంబంధించింది కాదని ఈ ఒక్క గడితోనే తేలిపోతుంది. రెండు వారాల పాటు ఒకే పాయింట్‌కి ఇలా ఉంటే సూపర్‌వైజర్‌ని బండిలో కూర్చోబెట్టి కొలవమని లిఖితపూర్వకంగా అడగొచ్చు. అడిగేటప్పుడు ఏ వారం, ఏ గంట అన్నది మీరే రాయండి, లేకపోతే ఖాళీగా ఉండే మంగళవారం పొద్దున్నే వస్తారు.

లోడ్ విషయం. పాయింట్ పీసులు బండిలోని అల్మారా నంబర్ల ప్రకారం చెల్లాచెదురుగా ఎక్కితే, కొట్టు ముందు బండి ఆపి పావుగంట వెతుకులాటే. వెనక తలుపు దగ్గర నేలమీద ఒకే చోట ఎక్కించమని ప్రీలోడ్‌కి (పొద్దున్నే బండ్లు నింపేవాళ్లకి) చెప్పండి, మాటతో కాకుండా లోడ్ చార్ట్‌లో మార్పించండి. మాటగా చెప్పింది లోడర్ మారిన రోజే పోతుంది.

సాయంత్రం పికప్ ఇంకో తలనొప్పి. పాయింట్‌లో జనం వదిలిన రిటర్న్‌లు మధ్యాహ్నమే తీసుకోమంటే బండిలో ఇంకా డెలివరీలు ఉంటాయి, చోటుండదు. ఇరికిస్తే నడవాలో పెట్టాలి, నడవాలో పెడితే కాలు జారుతుంది. ఆ పికప్ రూట్ చివరికి జరపాలి, అదే సమయంలో కొట్టు మూసే వేళకి కనీసం అరగంట ముందుండాలి. ఈ రెండూ కుదరని రూట్ అయితే ఆ పికప్‌ని విడగొట్టి వేరే డ్రైవర్‌కి ఇవ్వాలని అడగండి. అక్కడ ఒక యూనిట్ పని పుడుతుంది, ఆ కోణం మరవకండి.

కొట్టు మూసి ఉంటే, నిండిపోయిందంటే, క్లర్కు తీసుకోనంటే: స్కానర్‌లో సరైన కారణం కోడ్ వెయ్యండి, డిస్పాచ్‌కి మెసేజ్ పెట్టండి, పీసులు బండిలోకి తెచ్చుకోండి. గుమ్మం బయట వదలడం, క్లర్కు బదులు మీరే సంతకం గీకడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మద్యం లాంటి, 21 ఏళ్లు నిండినవాళ్ల సంతకం కావాల్సిన పార్సిళ్లు పాయింట్ జాబితాలో కనిపిస్తే దింపే ముందు అడిగి, జవాబు మెసేజ్‌లోనే తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకి తర్వాత ఎవరూ బాధ్యులుండరు. 70 పౌండ్లు దాటిన పెట్టె కొట్టులోకి మోయడానికి సాయం దొరకదు. అది పాయింట్‌కి ఎందుకు వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఆర్టికల్_చదువరి

చట్టం వైపు నుంచి.

పనిని బయటివాళ్లకి ఇవ్వడం గురించి యూనియన్‌తో మాట్లాడాల్సిందేనా అన్న ప్రశ్నకి మూలం 1964 నాటి ఫైబర్‌బోర్డ్ తీర్పు. యూనిట్ ఉద్యోగుల్ని తప్పించి, అదే పనిని దాదాపు అవే పరిస్థితుల్లో కాంట్రాక్టర్ మనుషులతో చేయిస్తే, దాని గురించి యజమాని బేరసారాలు జరపక తప్పదని సుప్రీం కోర్టు చెప్పింది. "అదే పని" అన్న షరతు దగ్గరే పికప్ పాయింట్ల వాదన నిలుస్తుంది లేదా కూలుతుంది. ఇంటింటికీ తిప్పడం, కౌంటర్ వెనక నిలబడి ఇవ్వడం ఒకే పని కాదని కంపెనీ అంటుంది. దానికి స్టీవార్డ్ గారు చెప్పిన చేతుల వరుసే జవాబు.

ఇంకొకటి, 1962 నాటి కాట్జ్ తీర్పు. పని షరతుల్లో ఒక మార్పు గురించి మాట్లాడాల్సి ఉండగా, మాట్లాడకుండా ఏకపక్షంగా తెచ్చిపెడితే, అదే బేరసారాలకి నిరాకరించడం. డిస్పాచ్ ఒక సోమవారం నుంచి కొత్తగా మళ్లించడం మొదలుపెడితే ఆ తేదీ ముఖ్యం. జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకి ఫిర్యాదు వేయడానికి గడువు ఆరు నెలలు. యజమాని మీద వేసే ఫారం నంబరు 501. అయితే కాంట్రాక్టులో మధ్యవర్తిత్వం ఉంటే బోర్డు 1971 నాటి కాలియర్ నిర్ణయం ప్రకారం, ముందు అక్కడ తేల్చుకోండి అని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. బోర్డుకి వెళ్లాం కదా అని గ్రీవెన్స్ వదిలేస్తే దాని గడువు పోతుంది. ఒకదాని బదులు ఇంకోటి అనుకోవద్దు.

చాలామంది వాడని ఆయుధం సమాచారం అడిగే హక్కు. 1967 నాటి ఆక్మే తీర్పు ప్రకారం, గ్రీవెన్స్‌లో పస ఉందో లేదో తేల్చుకోవడానికి పనికొచ్చే సమాచారం యూనియన్ అడిగితే యజమాని ఇవ్వాలి. అడగాల్సింది డ్రైవర్ కాదు, యూనియన్ ప్రతినిధి, లిఖితంగా, తేదీ వేసి. ఏం అడగాలంటే: పాయింట్లతో కుదుర్చుకున్న ఒప్పందాల నకళ్లు, గత 12 నెలల్లో రూట్‌వారీగా వారంవారం పాయింట్లకి మళ్లిన పార్సిళ్ల సంఖ్య, మళ్లించిన కారణం కోడ్‌వారీగా విభజన, డిస్పాచ్‌కి ఇచ్చిన ఆదేశాలు, పాయింట్‌కి పీసుకి ఎంత చెల్లిస్తున్నారో. ఆఖరిది రహస్యమంటారు. రహస్యం అనగానే విషయం ముగిసిపోదు. పేర్లు కొట్టేసి ఇవ్వడమో, యూనియన్ ప్రతినిధి ఒక్కరికే చూపించడమో, ఏదో ఒక మధ్యేమార్గం గురించి కంపెనీ మాట్లాడాలి.

రెండు జాగ్రత్తలు. మళ్లించమన్నారు కదా అని రోడ్డు మీద మొండికేయొద్దు. నిజమైన ప్రమాదం ఉంటే తప్ప, ముందు పని చేసి తర్వాత గ్రీవెన్స్ వేయడమే పద్ధతి. లేకపోతే పాయింట్ కేసు పోయి క్రమశిక్షణ కేసు మొదలవుతుంది. అలాగే కస్టమర్ లేబుళ్లు ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. తేదీ, రూట్, పాయింట్, పీసుల సంఖ్య, మళ్లించిన రకం, ట్రాకింగ్ నంబరు చివరి నాలుగంకెలు చాలు. మిగతాది సమాచార అభ్యర్థన ద్వారా కంపెనీ రికార్డులోంచే వస్తుంది. ఈ లెక్కల మీద మిమ్మల్ని గదిలోకి పిలిచి ప్రశ్నిస్తే, శిక్ష పడొచ్చని మీకు అనిపించినప్పుడు, యూనియన్ ప్రతినిధి కావాలని మీరే నోరు తెరిచి అడగాలి. 1975 వైన్‌గార్టెన్ హక్కు అడిగినవాళ్లకే వర్తిస్తుంది.

కొండదారి

కొంచెం ఎదురు మాట చెప్పనివ్వండి. ఈ పాయింట్లు కొత్తవి కావు. యూపీఎస్ 2012లో యూరప్‌లో కియాలా అనే పికప్ నెట్‌వర్క్‌ని కొన్నది, అమెరికాలో 2014లో న్యూయార్క్, షికాగోలతో యాక్సెస్ పాయింట్లు అనే పికప్ పాయింట్లు మొదలుపెట్టింది. ఆ తర్వాత 2018లో ఒకటి, 2023లో ఒకటి జాతీయ ఒప్పందాలు వచ్చాయి. ఇలాంటి చరిత్ర ఉన్న చోట కంపెనీ లాయరు లేచి "మీకు తెలిసీ రెండుసార్లు సంతకం పెట్టారు" అంటే గ్రీవెన్స్ తేల్చే ప్యానెల్ వింటుంది. మొత్తం పథకాన్ని కొట్టాలని చూడటం వృథా అని నా గట్టి నమ్మకం.

పైగా అపార్ట్‌మెంట్ల రూట్లో మూడుసార్లు తలుపు తట్టి మూడుసార్లు వెనక్కి తేవడం కంటే పాయింట్ నయం అనే డ్రైవర్లు మీ సెంటర్‌లోనే సగంమంది ఉంటారు. వాళ్లని కాదని గ్రీవెన్స్ వేస్తే సంతకాలే రావు.

స్టీవార్డ్_తూర్పుగేటు

కొండదారి గారు చెప్పిన పాత అలవాటు వాదన నిజమే, తప్పకుండా వస్తుంది. అందుకే పథకం మీద కాకుండా మార్పు మీద రాయమంటున్నాను. ఎవరూ ఇంట్లో లేకపోతే పాయింట్‌లో దింపడం పాత అలవాటు. గుమ్మం తట్టకుండా దింపడం పాత అలవాటు కాదు. 2014 నుంచి ఉన్నదేమిటి, మొన్న మారిందేమిటి అని రెండు వాక్యాలు విడదీసి రాస్తే ఆ వాదన మొదటి వాక్యానికే అంటుకుంటుంది, రెండోదానికి అంటదు.

మొత్తం పథకాన్ని కొట్టడం వృథా అన్నదానితో మాత్రం పూర్తిగా ఏకీభవించను. పోస్టల్ వాళ్ల సంగతి చూడండి. 2013లో పోస్టల్ సర్వీస్ స్టేషనరీ అమ్మే స్టేపుల్స్ వాళ్ల 82 దుకాణాల్లో పోస్టల్ కౌంటర్లు పెట్టింది, వాటిలో కూర్చున్నది స్టేపుల్స్ ఉద్యోగులు. పోస్టల్ వర్కర్స్ యూనియన్ ఏపీడబ్ల్యూయూ దాన్ని ఒక్క గ్రీవెన్స్‌తో వదల్లేదు. బోర్డుకి వెళ్లింది, స్టేపుల్స్‌లో కొనొద్దని ప్రచారం నడిపింది, స్కూలు సామాను కొనే టీచర్ల యూనియన్ ఏఎఫ్‌టీని కలుపుకుంది. 2017లో ఆ కౌంటర్లు మూతపడ్డాయి. మూడేళ్లకి పైగా పట్టింది. తేడా ఏమిటంటే అక్కడ పోయింది కౌంటర్ పని, చేసింది కౌంటర్ క్లర్కులు, అంటే ఫైబర్‌బోర్డ్‌లో చెప్పిన "అదే పని" సరిగ్గా కుదిరింది.

రూట్‌షీట్

అందరికీ ధన్యవాదాలు. ఆ ఆఖరి మాట పట్టుకునే ఇంకో ప్రశ్న. బిల్డింగ్‌లో కస్టమర్ కౌంటర్ ఉంది, కస్టమర్ వచ్చి తీసుకునేదాకా ఆపి ఉంచిన పార్సిళ్లు అక్కడ ఇచ్చేది యూనిట్ క్లర్కులు. వాళ్ల గంటలు తగ్గుతున్నాయి. ఇది డ్రైవర్ల గ్రీవెన్స్‌లో కలపాలా, వేరుగా వేయాలా? అలాగే పెట్టె లేకుండా వస్తువు ఇచ్చేసే రిటర్న్ కౌంటర్ల సంగతేమిటి?

స్టీవార్డ్_తూర్పుగేటు

వేరుగా వేయండి. నిజానికి మీ దగ్గర ఉన్న అన్నిటికంటే బలమైన కేసు అదే. ఐడీ చూడటం, పార్సిల్ వెతకడం, స్కాన్ చేసి అందించడం: ఇదంతా నిన్నటిదాకా యూనిట్ క్లర్కు చేసింది, ఇవాళ బయటి క్లర్కు చేస్తున్నాడు. చేతుల వరుసలో రెండు గళ్లలో పని ఒకటే, పేరే మారింది. డ్రైవర్ల గ్రీవెన్స్‌లో కలిపితే, "డ్రైవర్‌కి నష్టం లేదు, పాయింట్‌కి తెచ్చేది డ్రైవరే" అన్న జవాబుతో రెండూ కలిసి మునుగుతాయి. క్లర్కుల కేసుకి ఆధారాలు కూడా తేలిక: షిఫ్టు షెడ్యూళ్లు, కౌంటర్ తెరిచి ఉంచే వేళల బోర్డు పాతదీ కొత్తదీ, "మీ పార్సిల్ ఫలానా కొట్టులో తీసుకోండి" అని కస్టమర్‌కి వెళ్లే నోటీసు. ఆ బోర్డు మార్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత పాతది దొరకదు.

పెట్టెలేని రిటర్న్‌లు వేరే లెక్క. ఇలాంటి రిటర్న్‌లు తీసుకునే హ్యాపీ రిటర్న్స్ కంపెనీని యూపీఎస్ 2023లో కొన్నది. అక్కడ కస్టమర్ వస్తువు, క్యూఆర్ కోడ్ ఇచ్చి వెళ్లిపోతాడు. వస్తువులన్నీ కలిపి పెద్ద పెట్టెల్లో కడతారు. ఇరవై మంది ఇరవై పెట్టెలు ఇవ్వాల్సిన చోట మనకి ఒకటో రెండో పీసులు కనిపిస్తాయి. పీసుల సంఖ్య తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. కట్టే పని ఇంతకుముందు ఇంట్లో కస్టమరే చేసేవాడు కాబట్టి యూనిట్ పని పోయిందని చెప్పలేం. అక్కడ చూడాల్సింది టైమ్, బరువు. పీసు లెక్కన వచ్చే అలవెన్సు తగ్గి మోత పెరిగిందని బల్క్‌స్టాప్ చెప్పిన షీట్‌లోనే ఇంకో గడి గీసి, పెట్టె మీదున్న బరువు రాయండి. 70 పౌండ్లు దాటినదానికి ఆ బరువు స్టిక్కర్ ఉందో లేదో కూడా.

బల్క్‌స్టాప్

ఆ గడిలో స్టిక్కర్ లేని బరువు పెట్టెలు వారంలో నాలుగైదు కనిపిస్తే గ్రీవెన్స్ దాకా ఆగకండి. సేఫ్టీ కమిటీకి అదే రోజు రాసివ్వండి, నకలు స్టీవార్డ్‌కి. ఎత్తి చూసి బరువెక్కువ అనిపించిన పెట్టెని రెండోసారి ఒంటరిగా ఎత్తొద్దు. పాయింట్‌లోనే ఉంచి సాయం కావాలని మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్ టైమ్ కూడా షీట్‌లో రాయండి.